పంచలో మంచం

నర్సీపట్నంలో నన్ను ఫిజియోథెరపిస్టు అని పిలిచినవాళ్ళు తక్కువ. ఆ మాటకి చాలామందికి నోరు తిరగదు. మొదట్లో "కాళ్ళు లాగే సిస్టరమ్మ" అనేవారు. నర్సింగ్ హోమ్‌కి కరెంటు మిషను వచ్చాక "కరెంటమ్మ" అయ్యాను. రిటైరయ్యాక కూడా కూరగాయల బజారులో ఆ పేరే. పేరుతో నాకు బాధ లేదు గానీ ఆ మిషను మాత్రం నా ప్రాణం తీసింది. తుంటి విరిగిన ముసలావిడని చెమటలు కక్కుతూ లేపి నిలబెడితే వైద్యం కాదట. పెట్టె తెచ్చి, రెండు వైర్లు అంటించి, జివ్వుమనిపిస్తేనే వైద్యం. "ఊరికే నాలుగడుగులేయించీసి ఎల్లిపోనారు, కరెంటెట్టనేదు" అని మా నర్సింగ్ హోమ్ డాక్టరుగారికి నా మీద ఫిర్యాదులు వెళ్ళేవి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి నేను చెప్పదలచుకున్నది కరెంటు గురించి కాదు, కండరాల పేర్ల గురించీ కాదు. అవి మీ పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే మీకే బాగా గుర్తుంటాయి. తుంటి విరిగిన పెద్దవాళ్ళు మళ్ళీ తమ పనులు తాము చేసుకోగలగడం అనేది మన ఇళ్ళలో ఎక్కడ ఆగిపోతుందో, అది చెబుతాను. తొంభైల్లో, ఆ తరవాతి పదేళ్ళలో నేను చూసినదే చెబుతున్నాను. ఇప్పుడు ఇళ్ళు మారాయి, మరుగుదొడ్లు మారాయి. మనుషులు మరీ అంతగా మారలేదని నా అనుమానం.

డాక్టరుగారు ఇచ్చిన సలహా

మా డాక్టరుగారి చెయ్యి మంచిది. విశాఖపట్నం వెళ్ళలేనివాళ్ళకి ఆయనే దేవుడు. ఆపరేషన్ తరవాత తీసిన ఎక్స్-రేని కిటికీ వెలుగులో పట్టుకుని "ఫస్ట్ క్లాస్" అనేవారు. ఆయనకి కథ అక్కడితో సరి. ఒకసారి ఒక ముసలావిడ ఎక్స్-రేని అలా చూస్తుంటే ఉండబట్టలేక, "సార్, ఆవిడ దొడ్డికి ఎలా వెళుతోందో అడిగారా?" అన్నాను. ఆయనకి ఒళ్ళు మండింది.

"నన్నడుగుతావేంటమ్మా? వాళ్ళ కోడల్ని అడుగు" అన్నారు.

విసుక్కుంటూ అన్నా, నా ఉద్యోగంలో నాకు దొరికిన మంచి సలహాల్లో అదొకటి. ఆ రోజు నుంచీ కోడళ్ళనే అడగడం మొదలుపెట్టాను. ఎక్స్-రేలో కనిపించనివన్నీ వాళ్ళకి తెలుసు.

కొయ్యూరు కొండల వైపు నుంచి వచ్చేవాళ్ళు ముందు నాటుకట్టు కట్టించుకుని, నెలల తరవాత కాలు పొట్టిదయ్యాక వచ్చేవారు. మొదట్లో వాళ్ళని తిట్టేదాన్ని. తిడితే మళ్ళీ రారు, అంతే. కొండ దిగి రావడానికి వాళ్ళకి ఏమి అడ్డొచ్చిందో తెలియకుండా తిట్టే హక్కు మనకి లేదు.

బలిఘట్టంలో ఒక మాస్టారు ఉండేవారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇద్దరు కొడుకులూ బంగారం లాంటివాళ్ళు. తండ్రిని నేల మీద అడుగు పెట్టనివ్వలేదు. మంచం మీదే స్నానం, మంచం మీదే భోజనం, అన్నీ అక్కడే. నేను వెళితే "నాన్నగారికి ఈవేళ నీరసంగా ఉందండి, రేపు చూద్దాం" అనేవారు. రేపు రాలేదు. వీపు పుండ్లు పడింది, ఛాతీకి నెమ్ము చేసింది, మాస్టారు వెళ్ళిపోయారు. ఊరంతా ఆ కొడుకుల సేవని మెచ్చుకుంది. నేనూ ఆ ఇంటి ముందు నిలబడి తల ఊపి వచ్చాను. కానీ నా మనసులో ఉన్న మాట ఇప్పుడు చెబుతున్నాను, ఆయనని ప్రేమతోనే పడుకోబెట్టి చంపుకున్నారు.

దేముడమ్మ

దేముడమ్మది సముద్రం ఒడ్డున ఒక పల్లె. భర్త చేపల వేటకి వెళ్ళి తిరిగి రాకపోతే, కొడుకు నూకరాజుని చంకనేసుకుని నర్సీపట్నం వచ్చి చేపలమ్ముకుంది. మార్కెట్లో నేల మీద కూర్చుని, కత్తిపీట మీద కాలు వేసి తొక్కిపట్టి, చేపని రెండు చేతులతో పట్టుకుని కోసేది. నేను కూడా ఆవిడ దగ్గరే కొనేదాన్ని. బేరం ఆడితే "అంతకి రాదు తల్లీ, సముద్రాన్నడుగు" అనేది. ఒకరోజు చేపలు కడిగిన నీళ్ళలో జారి పడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి తుంటి కీలులో బాల్ మార్చారు. ఇక జన్మలో నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు అని చెప్పి పంపించారు.

ఆ మాట కాయితం మీద చిన్నదే. అన్నం తినడం, కత్తిపీట ముందు కూర్చోవడం, దొడ్డికి వెళ్ళడం, చుట్టాలతో కబుర్లు చెప్పుకోవడం, అన్నీ నేల మీద చేసే మనిషికి ఆ మాట చెప్పి బస్సెక్కించారు. మరి ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు.

నేను వెళ్ళేసరికి ఆవిడ నడింట్లో నులక మంచం మీద ఉంది. నులక కుంగిపోయి, నడుం గుంటలోకి దిగబడి ఉంది. కోడలు సత్యవతి పక్కనే నిలబడింది. బక్క పిల్ల. నూకరాజు ఆటో తోలుకునేవాడు, నన్ను చూడగానే "కరెంటు పెట్టె తేలేదేటండీ?" అన్నాడు.

"పెట్టె తరవాత. ముందు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టు, నులక మీద గట్టి చెక్క వెయ్యి" అన్నాను.

అతను ఇటుకలు పెట్టాడు. పాత తలుపు చెక్క వేశాడు. మంచివాడే. కానీ నేను ఆవిడని లేపి కూర్చోబెడితే చాలు, "సాలండి, అమ్మకి నొప్పెడతాది" అనేవాడు. నాకు బలిఘట్టం మాస్టారి కొడుకులు కళ్ళముందు కనిపించేవారు.

మూడో నాలుగో సారి వెళ్ళినప్పుడు దేముడమ్మ నాలిక చూశాను. ఎండి, పగిలి ఉంది. కళ్ళు లోతుకి పోయాయి. మాట తడబడుతోంది, తెలివి వస్తూ పోతూ ఉంది, నన్ను పట్టుకుని "బస్సొచ్చిందేటి?" అంది. మంచం కింద నేల తడిగా ఉంది. ఒంటేలు పక్కలోనే పోతోందనుకుని వంగి చూశాను. వాసన లేదు. మంచం కింద నీళ్ళు నిండిన ఒక మూకుడు, దాని పక్కన బాగా బలిసిన కోడిపెట్ట ఒకటి ఉన్నాయి.

"ఈ మూకుడు ఎవరు పెట్టారు?" అని సత్యవతిని అడిగాను.

"కోడికి అత్తే ఎట్టించింది. దానికి దాహమేత్తాదంది."

నాకు అర్థమైంది. కోడలు ఇచ్చిన గ్లాసు పెదాలకి తాకించి, ఆ పిల్ల అటు తిరగ్గానే మూకుడులో పోసేస్తోంది. ఆవిడ నీళ్ళు తాగడం మానేసింది. దగ్గరగా కూర్చుని, "ఎందుకు మామ్మా ఇలా చేస్తున్నావు?" అని అడిగాను. కాస్త తెలివి తేరుకున్నాక నా చెవి దగ్గర నెమ్మదిగా చెప్పింది.

"తాగితే పొయ్యాల. పొయ్యాలంటే దాన్ని పిలవాల. అది నన్ను ఎత్తలేక ఏడుత్తంది తల్లీ. నాకు కనపడకుండా ఏడుత్తంది. ముప్పై ఏళ్ళు నెత్తి మీద గంప మోసినాను, ఎవుల్నీ సెయ్యేయమని అడగనేదు. ఇప్పుడు ముడ్డి కడగమని పిలవాలా?"

సత్యవతి వినేసింది. "నేనేటి ఇసుక్కున్నానా అత్తా? ఎప్పుడేనా మొకం సిట్లించుకున్నానా?" అంటూ గుమ్మం దగ్గర చతికిలబడిపోయింది.

"నువ్వు సిట్లించుకుంటే పిలుద్దును పిల్లా" అంది దేముడమ్మ.

పిల్లలూ, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. తుంటి విరిగిన పెద్దవాళ్ళు ఎందుకు నీరసించిపోతున్నారో వెతికేటప్పుడు నీళ్ళ గ్లాసు చూడండి. చాలా ఇళ్ళలో నేను ఇదే చూశాను. వాళ్ళు చచ్చిపోవాలని నీళ్ళు మానరు. ఎవరినీ పిలవకుండా ఉండాలని మానేస్తారు. ఆ రోజు డాక్టరుగారు సెలైను ఎక్కించారు, ఒంటేలులో ఇన్ఫెక్షన్ ఉందని మందులిచ్చారు. మాట కుదుటపడింది. కానీ మందుతో తీరే సంగతి కాదని నాకు తెలుసు. ఆవిడ మళ్ళీ నీళ్ళు తాగాలంటే తనంతట తాను దొడ్డికి వెళ్ళి రావాలి. అంతే. అది జరగకపోతే ఆవిడ దక్కదు.

దారి ఎక్కడ ఆగింది

మరుగుదొడ్డి పెరట్లో ఉంది. నడింట్లోంచి వంటగదికి ఒక గడప, వంటగదిలోంచి పెరటి పంచలోకి ఇంకో గడప. ఎత్తైన చెక్క గడపలు, పసుపు రాసి బొట్లు పెట్టినవి. నడక నేర్పడానికి నేను ఇచ్చిన నాలుగు కాళ్ళ వాకరు వాటి దగ్గర ఆగిపోయేది. గడప తీయించమంటే ఆ ఇంట్లో ఒప్పుకోరు, లక్ష్మి ఉండే చోటు. గడప మీద కాలు పెట్టి దాటడానికి దేముడమ్మే ఒప్పుకోదు. వాకరు ఎత్తి అవతల పెట్టి, గడప దాటేంత బలం కాలికి ఇంకా రాలేదు.

నాకు తేలికైన ఉపాయం తోచింది. మంచం పెరటి పంచలో వేస్తే గడపలే ఉండవు. పంచ మెట్టుకి కాస్త సిమెంటుతో ఏటవాలుగా కడితే తిన్నగా దొడ్డి దాకా వెళ్ళిపోవచ్చు. దొడ్లో సీటు మధ్యలో కోసిన చెక్క కుర్చీ ఒకటి పెడితే గొంతుక్కూర్చునే పని లేదు. నూకరాజుకి అంతా వివరంగా చెప్పాను. అతను తల దించుకుని విన్నాడు. "అలాగేనండి" అన్నాడు.

మళ్ళీ వెళ్ళేసరికి దొడ్లో కుర్చీ ఉంది. సిమెంటు పని కూడా అయింది. మంచం మాత్రం నడింట్లోనే ఉంది. ఇంకోసారి చెప్పాను. "అలాగేనండి" అన్నాడు. ఆ తరవాత వెళ్ళినా అంతే. నాకు కోపం వచ్చింది. సత్యవతి నన్ను వీధి దాకా సాగనంపుతూ, "మేడమ్‌గారూ, మీరు సెప్పింది మంచిదే. కానీ పంచలో మంచం ఎప్పుడేత్తారో మీకు తెలీదేటండీ?" అంది.

నాకు నిజంగానే తెలియదు. నేను పుట్టి పెరిగింది క్రైస్తవ మిషన్ కాంపౌండులో. మా ఇళ్ళలో పోయేవాళ్ళు ఉన్న మంచం మీదే, పక్కన ప్రార్థన చేస్తుండగా పోతారు. అక్కడ అలా కాదు. ఇంట్లో ప్రాణం పోతే, అదీ చెడ్డ నక్షత్రంలో పోతే, ఆ ఇల్లు వదిలి నెలల తరబడి తాళం వెయ్యాలి. అందుకని ఆశ లేదనుకున్న మనిషిని ముందే మంచంతో సహా పంచలోకి తెచ్చేస్తారు. పంచలో మంచం కనిపిస్తే ఎవరూ కబురు పంపక్కర్లేదు. చుట్టాలు తామే వచ్చేస్తారు. నేను బతకడానికి చెప్పిన చోటు వాళ్ళకి చావడానికి వేసే చోటు.

వీధిలోంచి వెనక్కి వెళ్ళి, దాచకుండా దేముడమ్మకే చెప్పాను.

"పంచలో ఏత్తే నానే ఎల్లగలనా? ఎవులూ పట్టుకోకుండా?" అని అడిగింది.

"వెళ్ళగలవనే అనుకుంటున్నాను మామ్మా."

"అనుకుంటన్నావా, ఎల్లగలనా?"

"మాటివ్వలేను."

నా మొహంలోకి చూసింది. "అయితే నిజమే సెప్తన్నావు" అని, కొడుకుని కేకేసింది. "ఒరే, మంచం పంచలో ఎయ్యి."

నూకరాజు కదల్లేదు. "అమ్మా, బతికున్న తల్లిని పంచలోకి గెంటీసినాడని ఊరు నా మొకాన ఉమ్మేత్తాది."

"ఉమ్మితే మొకం కడుక్కో నాయనా. నన్ను కడగడం కన్నా తేలికే."

అతను గోడకి తిరిగి ఏడ్చాడు. తరవాత భార్యాభర్తలిద్దరూ చెరో వైపు పట్టుకుని మంచాన్ని రెండు గడపలూ దాటించారు. ఆ మంచం మోస్తుంటే వాళ్ళ మొహాలు నేను ఎప్పటికీ మరిచిపోలేను. ఆవిడ మాత్రం వెనకాల నడింట్లో కుర్చీలో కూర్చుని, "బేగి ఏయండి, దాహమేత్తంది" అంటోంది.

ఏడవడానికి వచ్చినవాళ్ళు

అనుకున్నదే అయింది. ఎవరో చూశారు, ఎవరికో చెప్పారు. మర్నాడు నేను వెళ్ళేసరికి సముద్రం పల్లె నుంచి చుట్టాలు దిగి ఉన్నారు. దేముడమ్మ చెల్లెలు సందు మొదట్లోనే శోకాలు అందుకుంది. "అప్పా, నన్నొగ్గీసి ఎల్లిపోతన్నావా అప్పా" అంటూ పెరట్లోకి వచ్చి ఆగిపోయింది. అప్ప మంచం మీద కూర్చుని చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతోంది.

"ఏటే, పొద్దున్నే ఏటీ గోల?" అంది దేముడమ్మ.

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొందరు నూకరాజు వైపు చూసిన చూపు నాకు తెలుసు, అతనికీ తెలుసు. అతను తప్పు చేసినవాడిలా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. దేముడమ్మ అది చూసింది. అంబలి గిన్నె కింద పెట్టి నాతో, "వాకరియ్యి తల్లీ" అంది.

అంతవరకూ ఆవిడ వాకరుతో నడిచింది నా చెయ్యి నడుం మీద ఉంటేనే. దొడ్డి దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. పడితే ఆ బాల్ జారిపోవచ్చు, అప్పుడింక లేవదు. అది తెలిసి కూడా వాకరు ఇచ్చాను. నా చెయ్యి ఆవిడ వెనకాలే ఉంచాను గానీ తాకలేదు.

"అడ్డం తప్పుకోండి. ఏడుపులు తరవాతెట్టుకోవచ్చు" అని లేచింది.

వాకరు ముందుకి, విరిగిన కాలు, మంచి కాలు. మళ్ళీ వాకరు. ఏటవాలు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుంది. దేవుడికి మనసులోనే మొక్కుకున్నాను. ఆవిడ దిగింది. పెరడు దాటింది. దొడ్డి గుమ్మానికి కట్టిన గోనెపట్టా పక్కకి నెట్టి లోపలికి వెళ్ళి, పట్టా మళ్ళీ వేసేసుకుంది. నేను బయటే ఉండిపోయాను.

ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళంతా పెరట్లో అలాగే నిలబడిపోయారు. ముసలమ్మ దొడ్డికి వెళ్ళిందని చుట్టాలంతా ఊపిరి బిగబట్టి నిలబడడం ఎక్కడైనా చూశారా? నేను చూశాను. కాసేపటికి లోపల చెంబుతో నీళ్ళు పోసుకున్న చప్పుడు వినిపించింది. సత్యవతి కొంగు నోట్లో కుక్కుకుని బావురుమంది. చెల్లెలు దాని భుజం పట్టుకుని, "ఊరుకోయే, మీ అత్త మొండిది" అంది.

బాగవడం అంటే

దేముడమ్మ తిరిగి చేపల మార్కెట్టుకి వెళ్ళలేదు. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మనం పేషెంట్లకి "మునుపటిలా అయిపోతావు" అని అబద్ధం చెప్పడం అలవాటు చేసుకున్నాం. మునుపటిలా ఎవరూ అవరు. ఆవిడ కత్తిపీట సత్యవతికి ఇచ్చేసింది. ఇచ్చిన రోజు అన్నం తినలేదు. నేను ఓదార్చబోతే "నువ్వు ఊరుకో తల్లీ, అది నా సెయ్యి" అంది. నేను ఊరుకున్నాను.

కొన్నాళ్ళకి పంచలో మంచం మీద కూర్చునే ఎండు నెత్తళ్ళు, ఉప్పుచేపలు అమ్మడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల వాళ్ళు పెరటి దారిన వచ్చి కొనుక్కునేవారు. నూకరాజుని ఎవరూ ఏమీ అనలేదు. వానాకాలంలో మంచం లోపలికి తీసుకెళతానని అతను బతిమాలితే వినలేదు, జల్లు పడకుండా తడిక కట్టించుకుంది. నీళ్ళ చెంబు పక్కనే ఉండేది, దాంట్లో నీళ్ళు తగ్గుతూ ఉండేవి. నేను అటు వెళ్ళినప్పుడల్లా ముందు ఆ చెంబే చూసేదాన్ని.

మా డాక్టరుగారు కొంతకాలం ముసలివాళ్ళందరినీ "నీళ్ళు తాగుతున్నావా?" అని అడిగారు. తరవాత రద్దీలో మానేశారు. నేను మానలేదు.

సేవ చేసే పిల్లలని మీరు తప్పుపట్టకండి. మన దగ్గర సేవ అంటే పెద్దవాళ్ళని కదలనివ్వకపోవడం. చేతికర్ర ఇచ్చి పక్కకి తప్పుకున్న కోడలిని ఊరు మెచ్చుకోదు. ఎత్తి కూర్చోబెట్టడం కన్నా, చెయ్యి దగ్గరగా పెట్టి తాకకుండా ఉండడం కష్టం. సత్యవతి అది నేర్చుకుంది. అత్త దొడ్డికి బయల్దేరితే వంటగదిలోంచి చూస్తూ నిలబడేది, పరిగెత్తేది కాదు. "సూత్తన్నావులే, నాకు తెల్సు" అనేది దేముడమ్మ, వెనక్కి తిరగకుండా.

అలా చాలా ఏళ్ళు గడిచాయి.

ఒకరోజు నర్సింగ్ హోమ్‌కి సత్యవతి వచ్చింది. జుట్టు చెదిరి ఉంది. అత్త దినకర్మలు అయిపోయాయని చెప్పింది. ఆ రోజు తెల్లవారాక అత్త లేచి దొడ్డికి వెళ్ళొచ్చిందట. కాళ్ళు కడుక్కుంది, మంచం మీద పడుకుంది. వాకరు దాని చోట పెట్టి ఉంది. టీ తీసుకెళ్ళి లేపితే లేవలేదట.

"ఎవులం మంచం మొయ్యనేదండి. పంచలోనే ఉన్నాది కదా" అంది. ఒక్కసారిగా ఏడ్చింది. "ఒక్క కేకేత్తే బాగుణ్ణు కదండీ. పక్క గదిలోనే ఉన్నాను. ఎందుకు పిలవనేదు నన్ను?"

నాకు జవాబు తెలుసు. ఆ పిల్లకీ తెలుసు. ఇద్దరం కలిసి ఏళ్ళ తరబడి దేనికి కష్టపడ్డామో అదే జరిగింది. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బయట పేషెంట్లు పిలుస్తున్నా లేవలేదు.

చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, నా వైపు తిరిగింది.

"నడిసే ఎల్లొచ్చిందండి. ఆ పొద్దుటేల కూడా" అంది.